రైలు పోయినా కట్ట ఉంది కదా స్వామీ

మా అక్క కొడుకు అమెరికా నుంచి ఫొటోలు పంపాడు. మిస్సోరిలో పాత రైలు కట్ట మీద వేసిన దారంట, కేటీ ట్రయల్, దాని మీద సైకిల్ తొక్కుతున్నాడు. బాగుందిరా అల్లుడూ, మన నల్లమలలోనూ ఇట్లాంటి లైనుంది అని రాస్తే, 'అక్కడ కంపచెట్లు తప్ప ఏముంది మామా' అని నవ్వే బొమ్మ పెట్టాడు. నంద్యాలలో పుట్టినోడు వీడు! ఒళ్లు మండిపోయింది.

కంపచెట్లు ఎందుకు మొలిచాయో మాత్రం అడగడు. ఆ మిస్సోరిలో 1986లో రైళ్లు ఆగిపోతే పట్టాలు పీకి, కట్ట మీద సున్నపురాయి పొడి పరిచి, దాదాపు 385 కిలోమీటర్లు జనానికి వదిలేశారు. రేపు రైలు కావాలంటే మళ్లీ తీసుకోవచ్చని 1983లోనే చట్టం చేసి పెట్టుకున్నారు. రైలు నిట్టనిలువు ఎక్కలేదు కాబట్టి కట్ట కూడా చదునుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న మా అక్క కూడా నడవొచ్చు.

మనమేం చేశాం? నల్లమల మీదుగా పోయే గుంటూరు–గుంతకల్లు మీటర్ గేజ్ లైనుని, అంటే సన్న పట్టాల లైనుని, 1990లలో వెడల్పు పట్టాల బ్రాడ్ గేజ్ చేశారు, సంతోషం. గాజులపల్లె దాటాక కొత్త లైను వేరే దారిన సొరంగంలోంచి పోయింది. తెల్లోళ్లు 1880లలో కట్టిన దొరబావి వంతెన ఇనుము ఊడదీసుకున్నారు, స్తంభాలు లోయలో వదిలేశారు. పులులుండే అడవి, అందరినీ లోపలికి తోలమని నేనేం అనట్లేదు, అంత పిచ్చోణ్ణి కాదు. అడవి బయట ఊళ్ల పక్కనున్న పాత కట్టలకేం రోగం? అక్కడ ఏ పులి అడ్డమొచ్చింది?

కర్నూలులో నడవడానికి చోటేది, చెప్పండి. కాలేజీ గ్రౌండుకు పోతే సభల పందిళ్లకు గుంజలు పాతిన గుంతలు. సభ అయిపోయాక గుంజలు పీక్కుపోతారు, గుంతలు మూసేవాడుండడు. మొన్న చీకట్లో ఒకదాంట్లో కాలు పడి మడమ బెణికింది, చెప్పు తెగి బిర్యానీ అట్టల మధ్య పడింది, ఇంకా కుంటుతున్నా. హైవే పక్కన నడుద్దామంటే లారీ హారన్‌కి గుండె జారుతుంది.

అసలు రైల్వే విషయంలో మనకు దక్కిందేంది? గుంతకల్లుకు జోన్ ఇవ్వండని అరిచి అరిచి గొంతులు పోయాయి. 2019లో జోన్ అన్నారు, కేంద్రం విశాఖ అన్నారు, మన గుంతకల్లు డివిజన్‌ని దాని కింద పెట్టారు. ఎడారిలో బతికేవాళ్లకు సముద్రం పేరు పెట్టిన జోన్, దక్షిణ కోస్తా! పేరులో కూడా మనం లేం. రాజధాని సంగతి ఎత్తితే తెల్లారిపోతుంది, ఎత్తను.

కింద ఎవరైనా వచ్చి 'ఓపిక పట్టండి అన్నా' అని కామెంట్ పెడితే బ్లాక్ చేస్తా, ముందే చెప్తున్నా.