కొత్త రంగు కింద ఏముంది?

2014 జనవరిలో అమెరికాలోని స్కాట్స్‌డేల్‌లో గుడింగ్ సంస్థ జరిపిన వేలంలో ఒకే నమూనాకు చెందిన రెండు కార్లు అమ్మకానికి వచ్చాయి. రెండూ మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌ఎల్ గల్‌వింగ్‌లే. తలుపులు పక్షి రెక్కల్లా పైకి తెరుచుకునే ఆ కార్లు 1954 నుంచి 1957 దాకా 1,400 మాత్రమే తయారయ్యాయి. వాటిలో ఒకదాన్ని పూర్తిగా పునరుద్ధరించి అద్దంలా తీర్చిదిద్దారు. రెండోది దశాబ్దాల తరబడి పునరుద్ధరణకు నోచుకోక, రంగు వెలిసి, దుమ్ము పట్టి ఉంది. తీర్చిదిద్దిన కారు సుమారు 14 లక్షల డాలర్లకు పోగా, దుమ్ము పట్టిన కారు సుమారు 19 లక్షల డాలర్లు పలికింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పారిస్‌లో ఆర్ట్‌క్యూరియల్ సంస్థ బైయోన్ కుటుంబపు పాత కార్ల సేకరణను వేలం వేసినప్పుడు, పాత పత్రికల కట్టల కింద ఏళ్ల తరబడి పడి ఉన్న 1961 నాటి ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్‌కు కోటీ 60 లక్షల యూరోలకు పైగా వచ్చింది.

దీన్ని సంపన్నుల మోజు కింద కొట్టిపారేసిన వాళ్లున్నారు. మోజు లేకపోలేదు గానీ, దాని వెనక ఒక లెక్క కూడా ఉంది. దుమ్ము పట్టిన కారు దేన్నీ దాచలేదు. తుప్పు ఎక్కడుందో అక్కడే కనిపిస్తుంది, అతుకు వేస్తే అతుకు కనిపిస్తుంది, ఫ్యాక్టరీలో వేసిన రంగు పొర ఎంత మిగిలిందో వేలితో తడిమి చెప్పవచ్చు. పునరుద్ధరణ ఈ ఆనవాళ్లన్నింటినీ ఒక్కసారిగా చెరిపేస్తుంది. పని ఎంత శుభ్రంగా జరిగితే, అంతకు ముందు అక్కడ ఏముండేదో తెలుసుకునే దారి అంతగా మూసుకుపోతుంది. అందుకే పునరుద్ధరించిన స్పోర్ట్స్ కారును ఆన్‌లైన్ వేలానికి పెట్టే వ్యక్తి, తన కారు అందంగా ఉందని నిరూపించుకోవాల్సిన పని పెట్టుకోనక్కర్లేదు. ఆ సంగతి మొదటి ఫొటోలోనే తేలిపోతుంది. తాను చెరిపేసిన ఆనవాళ్లకు బదులుగా కొనేవాడి చేతిలో ఏ ఆధారం పెడుతున్నాడన్న దాని మీదే ధర ఆధారపడుతుంది.

ఆర్థిక శాస్త్రంలో ఈ చిక్కును మొదట వివరంగా చర్చించిన పరిశోధన పత్రం ఉదాహరణగా తీసుకున్నదే పాత కార్ల మార్కెట్టును కావడం యాదృచ్ఛికం కాదు. కారు లోపాలు అమ్మేవాడికి తెలిసినంతగా కొనేవాడికి తెలియవు కాబట్టి, కొనేవాడు ప్రతి కారునూ కొంత చెడ్డదిగానే లెక్కగట్టి ధర చెబుతాడని, ఆ ధరకు మంచి కార్ల యజమానులు అమ్మకుండా తప్పుకుంటారని, చివరికి మార్కెట్టులో నాసిరకమే మిగులుతుందని జార్జ్ అకెర్లాఫ్ 1970లో వాదించారు. 2001లో ఆయనకు నోబెల్ తెచ్చిన ఆలోచన ఇదే. ఆన్‌లైన్ వేలంలో ఈ ఎడం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే పాట పాడేవారిలో ఎక్కువమంది ఆ కారును కళ్లారా చూడరు, తలుపు వేసి చప్పుడు వినరు, కిందికి వంగి చూడరు.

నేరుగా చూసేవాడు ఏం చేస్తాడో గమనిస్తే, చూడలేనివాడికి ఏం అందించాలో అర్థమవుతుంది. 1961లో జెనీవాలో తొలిసారి ప్రదర్శించిన జాగ్వార్ ఈ టైపునే తీసుకుందాం. అనుభవం ఉన్నవాడు దాని పొడవాటి ముక్కును చూసి మురిసిపోతూ నిలబడడు. నేరుగా మోకాళ్ల మీద కూర్చుని, తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే పెట్టె లాంటి రేకు భాగాన్ని చూస్తాడు. కారు బలంలో పెద్ద వాటా దానిదే, తుప్పు లోపలి నుంచి తినేసేదీ దాన్నే. గీతలు పడకుండా పలచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని దాని పొడవునా జరుపుకుంటూ పోతాడు. అది ఎక్కడ పట్టు వదిలితే అక్కడ రేకు మీద మందంగా పుట్టీ ఉన్నట్టే. రంగు మందం కొలిచే మీటరు ఉంటే పని ఇంకా తేలిక. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 200 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపే ఉంటుంది కాబట్టి, అంకె వెయ్యి దాటిందంటే రంగు కింద ఇంకేదో ఉందని లెక్క. ఆ తర్వాత బానెట్ ఎత్తించి, ఇంజిన్‌ను మోసే చదరపు గొట్టాల చట్రం మూలల్ని టార్చి వేసి చూస్తాడు. ఆ గొట్టాలు కూడా లోపలి నుంచే పుచ్చుతాయి. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ కారును చూసి పుట్టిందా అనిపిస్తుంది.

ఇవేవీ ఫోను తెర మీద సాధ్యం కావు. కాబట్టి అమ్మకందారు చేతిలో ఉన్న అత్యంత విలువైన ఫొటో, సాయంత్రపు ఎండలో మెరుస్తున్న కారుది కాదు. రంగు పూర్తిగా గీకేసి ఒట్టి రేకు మిగిలిన రోజున, వర్క్‌షాపు ట్యూబులైటు కింద హడావిడిగా తీసిన మసక ఫొటో. అందులో పాత రేకు ఎక్కడ కోశారో, కొత్త రేకు ఎక్కడ వెల్డింగ్ చేశారో, లోపలి పొరకు తుప్పు నిరోధక పూత వేశారో లేదో తెలుస్తుంది. కోసి తీసేసిన తుప్పు ముక్కను పారేయకుండా దాచిపెట్టి, కొత్తది అతికించిన చోటుకు పక్కనే పెట్టి ఫొటో తీసిన యజమానులు కూడా ఉంటారు. ఆ వికారపు ముక్క చెప్పినంత నమ్మకంగా ఏ వర్ణనా చెప్పలేదు. చిక్కేమిటంటే, పునరుద్ధరణ నడుస్తున్నప్పుడు అమ్మే ఆలోచన లేనివారు ఇలాంటి ఫొటోలు తీసుకోరు, తీసుకున్నా పాత ఫోనుతో పాటు పోగొట్టుకుంటారు. అప్పుడు ఎంత మంచి పని అయినా సాక్షి లేని పని అవుతుంది.

నంబర్ల విషయంలో ఈ చిక్కు మరింత ముదురుతుంది. కారు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడు ఉన్న ఇంజినే ఇప్పటికీ అందులో ఉందా అన్న ఒక్క ప్రశ్న ధరను పెద్ద మొత్తంలో పైకో కిందికో లాగుతుంది. 1973 నాటి పోర్షే 911 కరేరా ఆర్‌ఎస్ 2.7 లెక్కప్రకారం 1,580 మాత్రమే తయారైంది. మామూలు 911కు వెనక రెక్క తగిలించి, పక్కన అక్షరాలు అతికించి దానిలా తయారుచేసినవి మాత్రం ఎన్నైనా కనబడతాయి. వాటిని విడదీసేది షాసీ నంబరు, ఇంజిన్ నంబరు, కంపెనీ పాత రికార్డులే. అరవైల నాటి షెవర్లే కార్వెట్‌లో ఇంకో విచిత్రం ఉంది. దాని వీ8 ఇంజిన్ బ్లాకు మీద నంబరు కొట్టే చిన్న పలక, సిలిండర్ హెడ్డు (ఇంజిన్ బ్లాకుకు పైమూత లాంటి భాగం) కూర్చునే ఉపరితలంతో ఒకే మట్టంలో ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆ ఉపరితలాన్ని చెక్కిన యంత్రం పలక మీద కూడా సన్నటి సమాంతర గీతలు వదిలిపెడుతుంది. నంబరు అసలుదా, తర్వాత ఎవరైనా కొట్టారా అని తేల్చేవారు ముందుగా వెతికేది ఆ గీతల్నే. ఇప్పుడు ఒక నిజాయతీపరుడైన మెకానిక్ ఇంజిన్‌ను బాగుచేసే క్రమంలో, హెడ్డు సరిగా కూర్చోవడానికి ఆ ఉపరితలాన్ని మళ్లీ చదును చేశాడనుకుందాం. పనిగా చూస్తే తప్పేమీ లేదు. కానీ ఆ చదునుతో గీతలూ పోతాయి, కొన్నిసార్లు నంబరే పోతుంది. మోసం చేసినవాడి బ్లాకు, మోసం చేయనివాడి బ్లాకు ఆ తర్వాత ఒకేలా కనిపిస్తాయి.

ఆన్‌లైన్ వేలం పేజీలో కారు కింద ప్రశ్నలు వచ్చే చోటు ఇలాంటప్పుడే పనికొస్తుంది. "ఇంజిన్ నంబరున్న పలక మరీ నున్నగా ఉందండీ, మళ్లీ చెక్కించారా?" అని ఒకరు అడుగుతారు. "కారు గురించి తెలిసినవాళ్లు ఇలాంటి ప్రశ్న వేయరు" అని యజమాని విసురుగా జవాబిస్తే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంటుంది. ప్రశ్న అడిగినవాడొక్కడే కాదు, చూస్తున్న వందలమంది వెనక్కి తగ్గుతారు. "నిజమేనండీ, బ్లాకు చదును చేయించాం. పనికి ముందు తీసిన ఫొటో, వర్క్‌షాపు బిల్లు ఇప్పుడే జతచేశాను" అని చెప్పగలిగితే అదే ప్రశ్న అతనికి మేలు చేస్తుంది. అడిగినవాడు కొనకపోవచ్చు. కొనబోయేవాడు అడగకుండా మనసులో పెట్టుకున్న అనుమానం మాత్రం తీరుతుంది.

లోపాలు ఒప్పుకుంటే ధర పడిపోతుందన్న భయం అమ్మకందారుల్లో గట్టిగా ఉంటుంది. వేలాల సిద్ధాంతం దీనికి ఎదురు చెబుతుంది. అమ్మేవాడు తనకు తెలిసిన సమాచారాన్ని, మంచైనా చెడైనా, బయటపెట్టే పద్ధతి పాటిస్తే సగటున ఎక్కువ ధర వస్తుందని ఆర్థికవేత్తలు పాల్ మిల్‌గ్రోమ్, రాబర్ట్ వెబర్ 1982లో, కొన్ని షరతులకు లోబడి, గణితపరంగా చూపారు. ఎక్కువకు పాడి గెలిచానంటే మిగతావారు చూసిన లోపం నేను చూడలేదేమో అన్న గుబులు ప్రతి పాటదారుకూ ఉంటుంది. ఆ గుబులు కొద్దీ చేయి వెనక్కి లాక్కుంటాడు. సమాచారం దాన్ని తగ్గిస్తుంది. పైగా ఎగువకు పెరిగే పాటలో ధర ఎక్కడ ఆగాలో తేల్చేది ఓడిపోయిన రెండో మనిషి. గెలిచినవాడు అతనికంటే ఒక్క మెట్టు పైన ఆగుతాడు, అంతే. అంటే కారును ప్రాణంగా ప్రేమించే ఒక్కరు దొరికితే చాలదు, అనుమానాలు తీరిన ఇద్దరు కావాలి.

అందుకే చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసే వీడియోకు అంత ప్రాధాన్యం. ముందే వేడెక్కించిన ఇంజిన్ చాలా విషయాలు మింగేస్తుంది. రాత్రంతా నిలిపి ఉంచాక, ఉష్ణోగ్రత ముల్లు అడుగున ఉన్నట్టు చూపించి, అదే షాటులో తాళం తిప్పితే, ఇంజిన్‌లోకి నూనె కారకుండా ఆపే వాల్వు సీళ్లు అరిగి ఉంటే వెనక నుంచి నీలం పొగ ఒక్క గుప్పున వచ్చి పోతుంది. వస్తే రానివ్వాలి. ఆ పొగను చూసి కొన్ని వందల డాలర్లు తగ్గించుకునే పాటదారు, పొగ ఉందో లేదో తెలియక కొన్ని వేలు తగ్గించుకునే పాటదారు కంటే నయం.

ఇక ఖర్చు సంగతి. పూర్తి స్థాయి పునరుద్ధరణకు వెయ్యి పని గంటలు దాటడం మామూలే, విడిభాగాలు, క్రోమ్ పూత, తోలు పని వేరే. సాధారణ నమూనాల విషయంలో ఈ మొత్తం, పని పూర్తయ్యాక కారు పలికే ధరను దాటిపోవడం తరచూ జరిగేదే. యజమాని ఆ బిల్లుల మొత్తాన్ని కనీస ధరగా మనసులో స్థిరపరచుకుని వేలానికి వస్తాడు. కొనేవాడికి ఆ మొత్తంతో నిమిత్తం లేదు. అతనికి ఆ బిల్లులు పనికి సాక్ష్యం మాత్రమే. ఒకే కాగితాన్ని ఒకరు అప్పు పత్రంలా, ఇంకొకరు వైద్య నివేదికలా చదువుతున్నారు. ఈ విషయంలో నాకు అమ్మకందారు మీద జాలే తప్ప కోపం లేదు, కానీ మార్కెట్టుకు జాలి ఉండదు.

ఈ బిల్లుల లెక్కే రిజర్వు ధరను, అంటే ఇంతకు తక్కువైతే అమ్మనని అమ్మకందారు ముందే పెట్టుకునే ధరను, పైకి నెడుతుంది. పాట రిజర్వును అందుకోక కారు అమ్ముడుపోకపోతే, పోయేది ప్రకటన రుసుమే కదా అని సరిపెట్టుకుంటారు. అది పొరపాటు. పాత పద్ధతి వేలం హాలులో పాట ఎక్కడ ఆగిందో అక్కడున్న నలుగురికి గుర్తుంటుంది. ఆన్‌లైన్‌లో ఆ చివరి అంకె, తేదీతో సహా, ఎవరు వెతికినా దొరికేలా నిలిచిపోతుంది. తర్వాత వచ్చే ప్రతి కొనుగోలుదారూ బేరం అక్కడి నుంచే మొదలుపెడతాడు. రిజర్వు లేకుండా పెట్టడం గుండె ధైర్యం ఉన్నవారి పనే గానీ, కారు తప్పకుండా చేతులు మారుతుందని తెలిస్తే ఊరికే చూసిపోయేవారు కూడా పాటలోకి దిగుతారు. ఆధారాలు గట్టిగా ఉన్న కారుకు రిజర్వు అవసరం తక్కువ, ఆధారాలు లేని కారును రిజర్వు కాపాడలేదు అన్నది నా అభిప్రాయం. చాలా అరుదైన కారు, దాన్ని కొనగలిగేవారు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది అయినప్పుడు మాత్రం ఈ మాట వర్తించదు.

గడువు ముగిసే తీరు కూడా తెలిసి ఉండాలి. 2014లో వేలాలు మొదలుపెట్టిన బ్రింగ్ ఎ ట్రైలర్ వంటి ఆన్‌లైన్ కార్ల వేలం వేదికల్లో చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడియారం మళ్లీ రెండు నిమిషాలకు వెళ్తుంది. గడువు కచ్చితంగా ముగిసే ఈబేలో ఆఖరి సెకన్ల దాకా కాచుకుని ఒక్కసారిగా పాడే అలవాటు, గడువు పొడిగించిన అప్పటి అమెజాన్ వేలాల్లో కంటే చాలా ఎక్కువని ఆర్థికవేత్తలు ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో చూపారు. పొడిగింపు ఉన్నచోట ఆఖరి క్షణపు ఎత్తు పనిచేయదు. పోటీ నిలబడి తేలుతుంది. అమ్మకందారు ఆ గంటలో ఫోను దగ్గరే ఉండాలి, ఎందుకంటే అసలు ప్రశ్నలు అప్పుడే వస్తాయి. స్నేహితుల చేత దొంగ పాటలు పాడించి ధర పెంచుదామనుకోవడం నిబంధనలకు విరుద్ధం, చాలా దేశాల్లో చట్టానికి కూడా విరుద్ధం.

పాట ఖరారయ్యాక మిగిలేది డబ్బు చేరిందో లేదో బ్యాంకులోనే నిర్ధారించుకోవడం, యాజమాన్య పత్రాలు మార్చడం, మూసిన ట్రక్కులో కారును పంపడం. బిల్లులు, ఫొటోలు ఉన్న ఫైలును మాత్రం కొన్నవాడికి ఇచ్చేముందు ప్రతి కాగితానికీ నకలు తీసిపెట్టుకోవాలి. ఈ కార్లు చేతులు మారుతూనే ఉంటాయి. కొన్నేళ్ల తర్వాత ఇదే కారు మళ్లీ వేలానికి వస్తే, పాటదారులు ముందుగా వెతికి తీసేది ఈ పాత పేజీనే. నున్నటి పలక గురించి అప్పుడు ఇచ్చిన జవాబు అందులో అలాగే ఉంటుంది. ఆ మసక ఫొటో ఇంకోసారి పంపమని కొత్త యజమాని అడిగితే తీసి ఇవ్వడానికి ఆ నకలు ఉండాలి.