గట్టుసీమలో నీళ్లు మోసేదెవరు?

మా అన్నయ్య కూతురు, తన స్నేహితులు నలుగురు కలిసి కొన్ని నెలలుగా ఒక దేశాన్ని కడుతున్నారు. ఆదివారం సాయంత్రాలు సత్యనారాయణపురంలో మా డాబా మీద చాప పరుచుకుని, గళ్ల కాగితాలు, పాచికలు ముందేసుకుని కూర్చుంటారు. ఆ దేశం పేరు గట్టుసీమ. కొండను తొలిచి లోపల ఊళ్లు కట్టుకున్న పొట్టి మనుషుల రాజ్యం. పొడుగు గడ్డాలు, గొడ్డళ్లు, ఆరని కొలుములు, రాశులు పోసిన బంగారం, తరాలు మారినా చల్లారని పగలు, అన్నీ ఉన్నాయి. మొన్న పటం గీసి నా చేతికిచ్చారు. శిఖరం మీద రాజుగారి మందిరం, దాని కింద సేనానులు, ఆ కింద కమ్మరులు, అట్టడుగున గని కూలీలు. ఎంతో శ్రద్ధగా గీశారు. నాకు ఒక్కటే అడగాలనిపించింది.

"ఆ మందిరానికి నీళ్లెలా వెళ్తాయి?"

ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అత్తా, అది కల్పిత దేశం కదా" అంది మా కోడలు. కల్పితమే. కానీ కొండ ఎక్కడైనా కొండే. ఎత్తు పెరిగే కొద్దీ బిందె బరువెక్కుతుంది.

ఈ ప్రశ్న బెజవాడ పిల్లలకే ముందు తట్టాలి. మొగల్రాజపురం, క్రీస్తురాజపురం, గుణదల, చిట్టినగర్, విద్యాధరపురం, ఎటు చూసినా కొండవాలు మీద ఇళ్లే. ఇక్కడ మెట్లు ఎక్కే కొద్దీ అద్దె తగ్గుతుంది. ప్రతి మెట్టుకూ ఖర్చుంది మరి. గ్యాస్ బండ పైకి తెచ్చినందుకు వేరే డబ్బులివ్వాలి. ఇసుక బస్తా, ఇటుక, బియ్యం మూట, అన్నీ భుజం మీదే రావాలి. కుళాయి నీళ్లు పై వరసలకు అందని రోజున ఆడవాళ్లు బిందెలతో దిగి, బిందెలతో ఎక్కుతారు. పెద్దవాళ్లకు జబ్బు చేస్తే కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు దింపాలి. రాత్రి గట్టి వాన పడితే ఇంటి వెనక బండ మీదే ధ్యాస. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండచరియలు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. ఆ మర్నాడే బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచేయడంతో ఊరి ధ్యాసంతా అటు పోయింది. కొండ కింద నలిగిపోయిన ఇళ్లను గురించి మనం మాట్లాడుకోవలసినంత మాట్లాడుకోలేదు. ఆ బాధ నాలో ఇంకా ఉంది.

ఇప్పుడు ఇంకో కొండ. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే దారి పక్కన కొండవీడు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు ఆ కొండనే రాజధాని చేసుకున్నారు. అక్కడ ఎత్తులో ఉండటమే గొప్పతనం. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని వానను పట్టుకునే చెరువులున్నాయి. ప్రాకారాలు, బురుజులు, కొట్లు ఉన్నాయి. వాటిని నింపి పెట్టడానికి వందల చేతులు పనిచేశాయి.

అక్కడా కొండే, ఇక్కడా కొండే. ఒకచోట ఎత్తు అధికారమైంది, ఇంకోచోట పేదరికమైంది. నీకోసం మోసేవాళ్లుంటే శిఖరం సింహాసనం. నీ బరువు నువ్వే మోసుకోవాలంటే అది ఊళ్లో అన్నిటికంటే చవకైన చోటు. ఏ కొండదేశపు సంస్కృతి గురించి రాసినా, అది నిజమైనా కల్పితమైనా, మోత లెక్క తేల్చకుండా ముందుకు పోవడానికి లేదని నేను నమ్ముతాను. గడ్డాల పొడవు తర్వాత చూసుకోవచ్చు.

ఆశ్చర్యమేమిటంటే, పాతకాలపు ఊహలో పొట్టి మనిషి ఎక్కడ కనిపించినా మోస్తూనే కనిపిస్తాడు. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో రాసిపెట్టిన పురాణాల్లో ఆకాశాన్ని నాలుగు దిక్కులా నలుగురు మరుగుజ్జులు మోస్తుంటారు. మన దగ్గర భూమిని మోసే పని దిగ్గజాలది. అమరావతి స్తూపం ప్రాకారం మీద లావుపాటి పూలదండను మోసే పొట్టి యక్షులున్నారు. గుళ్లలో కప్పు అంచుల కింద చేతులెత్తి బరువు పడుతున్నట్టు బొజ్జ గణాలను చెక్కారు. వాటిని చూసినప్పుడల్లా ఈ బరువు వీళ్లకెవరు అప్పగించారని అనిపిస్తుంది. ఆ అమరావతి ఫలకాల గతి కూడా తలచుకోవాలి. 18వ శతాబ్దం చివర్లో ఎన్నో రాళ్లను బట్టీలో వేసి సున్నం చేశారు. మిగిలినవాటిలో చాలా భాగం చెన్నైకీ, లండన్‌కీ పోయాయి.

గట్టుసీమ తిండి సంగతి. పిల్లల పుస్తకంలో "ఎవరిమీదా ఆధారపడని దేశం" అని రాసుంది. సొరంగంలో వరి పండదు. ఉప్పు కావాలి, నూనె కావాలి, బట్ట కావాలి. కొండవీడు వైభవమే చూడండి, దాని మూలం సముద్రంలో ఉంది. 1358లో అనవోతారెడ్డి మోటుపల్లి రేవులో వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు కర్పూరం, చందనం సరఫరా చేసింది అవచి తిప్పయ్యశెట్టి అనే వర్తకుడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఆయనకే. ఓడ దిగిన కర్పూరం కొండెక్కితేనే అక్కడ వసంతం ఆడారన్నమాట. అదే దారి మూసేస్తే? ముట్టడి అంటే అదే. 1515లో కృష్ణదేవరాయలు ఆ దుర్గాన్ని ముట్టడించి గెలిచాడు. కొండదేశానికి అసలు సరిహద్దు కోటగోడ దగ్గర ఉండదు, కింద బండ్లు ఆగే సంత దగ్గర ఉంటుంది. గట్టుసీమ రాయబారులు, తగవులు తీర్చేవాళ్లు, రెండు భాషలు వచ్చిన దుబాసీలు అక్కడ తయారవుతారు. మైదానం వాళ్లతో సంబంధాలు కలుపుకున్న కుటుంబాలూ అక్కడే ఉంటాయి. కథకు కావలసిన మనుషులంతా ఆ సంతలోనే ఉంటే పిల్లలు అక్కడ ఒక కాపలా గుడిసె మాత్రం గీశారు.

ఇక కొండ లోపలికి వెళ్దాం. నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది గాలి. ఒక్క నోరున్న సొరంగంలో గాలి ఆడదు, కొంత దూరం పోగానే దీపం మందగిస్తుంది. రెండు నోళ్లుండాలి, ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో. అప్పుడే లోపలి వేడికీ బయటి చల్లదనానికీ ఉన్న తేడా వల్ల గాలి కదులుతుంది. లోతుకు పోయే కొద్దీ వేడి కూడా పెరుగుతుంది, కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున. కాబట్టి గట్టుసీమలో ఆస్తి అంటే బంగారం కంటే ముందు గాలిబిలం పక్కన గది. డెల్టాలో సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లు ఏమడుగుతారు? పొలం కాలువ మొదట్లో ఉందా, శివారులో ఉందా అని. శివారు రైతుకు నీళ్లు ఆఖర్న వస్తాయి, ఒక్కో ఏడు రావు. గాలికీ శివారు ఆయకట్టు ఉంటుంది. గాలి ముందు అందినవాళ్లు పీల్చి వదిలిన గాలి, వాళ్ల కొలుముల పొగ కలిసి చివరివాళ్లకు చేరుతుంది. దాన్ని మార్చడానికి ఎన్ని పంచాయితీలు జరిగి ఉండాలి! బిలం మూసేస్తామన్న బెదిరింపుతో ఎన్ని పెళ్లిళ్లు జరిగి ఉండాలి! ఆ దేశపు చట్టాలన్నీ గాలి వంతుల చుట్టూ పుడతాయి, మన చట్టాలు నీటి వంతుల చుట్టూ పుట్టినట్టే.

గాలి మాట వచ్చాక దుమ్ము మాట తప్పదు. ఈ మాదిరి కథల్లో వేల ఏళ్లు గనులు తవ్వుతారు, ఒక్కరికీ దగ్గు రాదు. రాయి పగలగొట్టినప్పుడు లేచే సన్నటి ఇసుకపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చేది సిలికోసిస్. దానికి మందు లేదు. చట్టం ప్రకారం ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల్లో అదొకటి. సమ్మెట పట్టిన మన వడ్డెర్ల ఇళ్లలో, క్వారీ పనికి పోయినవాళ్ల ఇళ్లలో ఆ దగ్గు తెలియనివాళ్లు లేరు. జర్మనీ గనికార్మికుల పాత నమ్మకాల్లో ఈ బాధ తాలూకు జాడ కనిపిస్తుంది. ఒకరకం ఖనిజాన్ని కరిగిస్తే లోహం రాకుండా విషపు పొగలు వచ్చేవి. అది కోబోల్డ్ అనే కొండ భూతం పనేనని భయపడేవాళ్లు. కోబాల్ట్ అనే లోహానికి పేరు అక్కడినుంచే వచ్చింది. ఆ పొగలో ఉన్నది ఆర్సెనిక్. భూగర్భంలో పొట్టివాళ్లున్నారన్న ఊహలో కొంత భాగం ఊపిరాడని మనిషి భయం లోంచి పుట్టిందనిపిస్తుంది. తర్వాత కథలు చెప్పినవాళ్లు బంగారాన్ని ఉంచుకుని దగ్గును వదిలేశారు. గట్టుసీమలో నలభై ఏళ్లకే పని మానేసిన మనిషిని ఎవరు చూసుకుంటారు? అతని భార్యకు గది ఉంటుందా, గాలి వంతు తెగిపోతుందా? ఒక సమాజాన్ని నేను దాని కిరీటంలో కంటే ఈ జవాబుల్లోనే చూస్తాను.

ఆడవాళ్లు గట్టుసీమ పుస్తకంలో మూడు చోట్ల వచ్చారు, మూడు చోట్లా రాణులే. మా బెజవాడ పక్కనే కొండపల్లి ఉంది. తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి బొమ్మ తయారు చేస్తారు. రంగులు వేసే చేతుల్లో ఇంటి ఆడవాళ్ల చేతులుంటాయి. నైపుణ్యం వంశంలో నిలిచిందంటే అది ఇంట్లో అందరి పని అయినందువల్లే. ఆ కర్ర పెరిగేది చుట్టుపక్కల కొండల్లో, అది తరిగితే ఏ వారసత్వమూ ఆ కళను నిలబెట్టదు.

పగ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మన దగ్గరే గొప్ప కథ ఉంది. భారతం ఆదిపర్వంలో వాలఖిల్యులు బొటనవేలంత మునులు. కశ్యపుడి యజ్ఞానికి సమిధలు తెమ్మంటే ఇంద్రుడు కొండంత మోపు తెచ్చాడు. వీళ్లంతా కలిసి ఒక్క మోదుగ పుల్లను మోస్తూ, ఆవు గిట్ట పడిన గుంటలో నీళ్లకు తడబడ్డారు. ఇంద్రుడు నవ్వాడు. వాళ్లు వెంటనే ఇంకో ఇంద్రుణ్ని పుట్టించడానికి హోమం మొదలుపెట్టారు. కశ్యపుడు మధ్యవర్తిగా వచ్చి, ఆ పుట్టేవాడు పక్షులకు ఇంద్రుడయ్యేలా ఒప్పించాడు. అలా వచ్చినవాడు గరుత్మంతుడు. వాళ్లను నొప్పించింది వాళ్ల పొట్టితనం కాదు, మోస్తున్నవాళ్లను చూసి నవ్వడం. గట్టుసీమ పగలకు కూడా ఇలాంటి కారణం కావాలి. దొంగిలించిన బంగారం కోసం పగపట్టడం ఎవరైనా రాస్తారు.

పేరు విషయంలో మా కోడలితో చాలాసేపు మాట్లాడాను. పుస్తకం నిండా "మరుగుజ్జులు" అని ఉంది. మన వీధుల్లో ఆ మాటను నిజమైన మనుషుల మీద విసురుతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మరుగుజ్జుతనం కూడా ఉంది, వైద్యపరమైన లేదా జన్యుపరమైన కారణంతో ఎదిగిన మనిషి 4 అడుగుల 10 అంగుళాలు లేదా అంతకంటే తక్కువ ఉంటే వర్తిస్తుంది. బస్సు మెట్టు, ఏటీఎం మీట, బ్యాంకు కౌంటరు వాళ్లను రోజూ పొట్టివాళ్లను చేస్తాయి. గట్టుసీమలో గుమ్మాలు, మెట్లు, గట్లు అన్నీ వాళ్ల కొలతకే ఉంటాయి. అక్కడ ఎవరూ తమను తాము పొట్టివాళ్లమనుకోరు. గట్టువాళ్లమనుకుంటారు. కింద సంతకొచ్చే మనల్ని చూసి వంగి నడిచేవాళ్లని పేరు పెట్టి ఉంటారు.

పోయిన ఆదివారం పటం మళ్లీ గీశారు. సంత పెద్దదైంది. గాలిబిలాలు నీలం రంగులో వచ్చాయి. దగ్గువాళ్ల కోసం గాలిబిలాల పక్కన గదులు కేటాయించారు, వాటికి అద్దె లేదు. రాజుగారి మందిరం దగ్గర మాత్రం తగువు తెగలేదు. దాన్ని సంత పక్కకు దింపాలని మా కోడలు, రాజు దిగడని ఒక పిల్లాడు. దిగకపోతే నీళ్ల మోతకు రోజుకు ఎంత కూలీ ఇవ్వాలో తేల్చమని ఇంకో అమ్మాయి పట్టుబట్టింది. ఎంతసేపు పడుతుందో తెలియకుండా కూలీ ఎలా కడతారు? అందుకని వచ్చే ఆదివారం పొద్దున్నే మొగల్రాజపురం కొండ మెట్లు ఎక్కి చూస్తామన్నారు. మా ఇత్తడి బిందె అడిగారు. కింద కుళాయి దగ్గర అంచుదాకా నింపుకుని ఎక్కుతారట.