పిల్లాడి కడుపునొప్పి వెనుక కట్లపాము

జగిత్యాల జిల్లా పెద్దాపూర్ గురుకుల పాఠశాలలో 2024 జూలై, ఆగస్టు నెలల్లో కొద్ది రోజుల తేడాతో ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. పాముకాటే కారణమన్న అనుమానం బలంగా వినిపించింది. 2022 మార్చిలో, అప్పటి విజయనగరం జిల్లా కురుపాంలోని గురుకులంలో ముగ్గురు విద్యార్థులను పాము కాటేస్తే ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ చర్చ పిచ్చిమొక్కలు, గోడల కన్నాలు, సిబ్బంది సస్పెన్షన్ల చుట్టూ తిరుగుతుంది. అవీ అడగాల్సినవే. అయితే పిల్లవాడికి విరుగుడు మందు మొదటి డోసు ఎక్కడ, ఎప్పుడు పడిందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కాటేస్తుంది. దాని కోరలు చిన్నవి. వాపు ఉండదు, నొప్పి దాదాపు తెలియదు, గాటు వెతికినా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున పిల్లవాడు కడుపునొప్పి అంటూ లేస్తాడు, వాంతి చేసుకుంటాడు. రాత్రి తిన్నది పడలేదనుకుని మాత్ర వేసి మళ్లీ పడుకోబెడతారు. కనురెప్పలు వాలి, మాట ముద్దగా వచ్చి, గుటక పడని స్థితి వచ్చేసరికి విషం నరాల చివరలను దెబ్బతీసి ఉంటుంది. ఆ నష్టాన్ని విరుగుడు మందు వెనక్కి తిప్పలేదు. నరాలు కోలుకునే వరకు, ఒక్కోసారి రోజుల తరబడి, వెంటిలేటర్ మీదే ఆధారపడాలి. ఆ దశలో కంటిపాప కూడా స్పందించకపోవచ్చు. చూసినవారు ఆశ వదులుకుంటారు. నిజానికి ఆ బిడ్డకు స్పృహ ఉండవచ్చు, పూర్తిగా కోలుకోనూవచ్చు. అందుకే నేల మీద పడుకున్న పిల్లవాడు తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తే, మరో కారణం తేలే వరకు పాముకాటుగానే అనుమానించాలి. హాస్టల్ వార్డెన్లకు, ఆశా కార్యకర్తలకు ముందుగా నేర్పాల్సిన విషయం ఇది.

పిల్లవాడు కదా అని పాము తక్కువ విషం వదలదు. పెద్దవారిలోకి ఎక్కే విషమే పదిహేను కిలోల శరీరంలోకీ ఎక్కుతుంది. కాబట్టి విరుగుడును బరువును బట్టి తగ్గించకూడదు. పెద్దలకు ఇచ్చినన్ని వయల్సే (చిన్న మందు సీసాలే), సాధారణంగా మొదటి విడతలో 10, పిల్లలకూ ఇవ్వాలి. తగ్గించాల్సింది కలిపే సెలైన్ మాత్రమే. ప్రతి మందునూ కిలోల లెక్కన కట్టే అలవాటు ఇక్కడ ప్రమాదకరం. విరుగుడు మందు పడక తీవ్రమైన అలర్జీ (రియాక్షన్) వస్తుందన్న భయం నిజమైనదే. దానికి జవాబు ఆ అలర్జీని అదుపు చేసే అడ్రినలిన్ మందును సిరంజిలో సిద్ధంగా ఉంచుకోవడం. పై ఆసుపత్రికి చీటీ రాసి పంపేయడం జవాబు కాదు.

2019 నవంబరులో కేరళలోని సుల్తాన్ బత్తేరిలో ఐదో తరగతి బాలికను తరగతి గదిలోనే పాము కాటేసింది. ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిప్పి, చివరకు కోజికోడ్‌కు తరలిస్తుండగా ఆ పాప చనిపోయింది. ఆరోగ్య వ్యవస్థకు పేరున్న రాష్ట్రంలోనే ఇలా జరిగింది. మన మన్యం ప్రాంతాల్లో దారి ఇంకా దూరం.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరగాల్సిన పని పెద్ద యంత్రాలు కోరేది కాదు. రక్తం గడ్డకట్టకుండా చేసే రక్తపింజరి కాటు అయితే రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచితే, గడ్డకట్టిందో లేదో తెలిసిపోతుంది. లక్షణాలు ఉంటే మొదటి డోసు అక్కడే మొదలుపెట్టాలి. ఆ తర్వాతే అంబులెన్స్. అందులో ఊపిరి అందించే అంబూ బ్యాగ్, దాన్ని నొక్కడం తెలిసిన మనిషి ఉండాలి. కాటు పడిన కాలిని విరిగిన ఎముకను కట్టినట్టు కదలకుండా ఉంచితే చాలు. బిగించి కట్టే తాడు, బ్లేడుతో కోయడం, మంత్రం కోసం ఆగడం అన్నీ హానే.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. వారిలో నాలుగో వంతుకు పైగా 15 ఏళ్లలోపు పిల్లలే. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ప్రతి కేసునూ తప్పనిసరిగా నమోదు చేయాలని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలను కోరింది. ఆ నమోదులో పిల్లల వయసు, కాటుకూ మొదటి డోసుకూ మధ్య గడిచిన గంటలు, ఏ ఆసుపత్రి మందు వేయకుండా పంపిందీ విడిగా రాయాలి. గురుకులాల్లో నేల మీద పడుకునే ప్రతి బిడ్డకూ వచ్చే వర్షాకాలం లోపే మంచం, అంచులు పరుపు కింద దోపిన దోమతెర ఇవ్వాలి.