జాతీయ అత్యవసర పరిస్థితి గారికి, ఒక ఆవకాయ జాడీ తరఫున

న్యూజెర్సీ,
2025 సెప్టెంబరు 6

అమెరికా జాతీయ అత్యవసర పరిస్థితి గారికి,

నమస్కారాలు. మీరు క్షేమంగానే ఉంటారు, మిమ్మల్ని ఏటా పొడిగిస్తారు కదా. నేను మాత్రం నిన్న మధ్యాహ్నం సగం రోజు సెలవు పెట్టి, కొరియర్ కౌంటర్ ముందు రెండున్నర గంటలు నిలబడి, గుంటూరు నుంచి మా అమ్మ పంపిన పార్సిల్‌ను జామీను కట్టి మనిషిని తెచ్చుకున్నట్టు విడిపించుకొచ్చాను.

అందులో ఉన్నవి మూడే: దసరాకు మా పాప కట్టుకోవాల్సిన పట్టు లంగా, సున్నుండలు, రెండు కిలోల ఆవకాయ. ఆగస్టు 29కి ముందైతే 800 డాలర్ల లోపు సరుకు సుంకం లేకుండా ఇంటికే వచ్చేది. ఇప్పుడు మినహాయింపు 100 డాలర్ల లోపు బహుమతులకే. ఆ సంగతి మా అమ్మకు తెలియదు. తెలిసినా ఒప్పుకునేది కాదు. మనవరాలిది చవకరకం లంగా అనుకుంటారేమోనని ఫారంలో 17,500 రూపాయలని గుండ్రంగా రాసింది. పోనీయండి. పట్టు మీద పన్ను వేయడం ఏలేవాళ్లకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. సున్నుండలు నాలుగు తగ్గాయి, అదీ వదిలేస్తున్నాను.

ఆవకాయను మాత్రం వదలలేను.

అమ్మ దానికి వేసిన విలువ 900 రూపాయలు. మీ పేరు చెప్పి అధ్యక్షుడు ట్రంప్ వేసిన సుంకం 50 శాతం, అంటే 450. ఎందుకని కౌంటర్‌లో అడిగితే ఆ అమ్మాయి నా వెనకాల మనిషిని పిలిచింది. ఇంటికొచ్చి నేనే చదువుకున్నాను. అందులో 225 రూపాయలు అమెరికాకు వాణిజ్య లోటు అనే అత్యవసర పరిస్థితి వచ్చినందుకు. మిగతా 225 భారతదేశం రష్యా చమురు కొంటున్నందుకు, అది మీ ఇంట్లోనే మరో అత్యవసర పరిస్థితి. ఒక్క జాడీ మీదికి ఇద్దరు! మహాప్రభో, మా అమ్మ వాడింది పప్పునూనె. వీధి చివర గానుగ దగ్గర ఎండలో నిలబడి, కళ్ల ముందు ఆడించుకొచ్చిన నూనె. రష్యాకూ ఆ గానుగకూ ఉన్న సంబంధమేమిటో మీ అధ్యక్ష భవనంలో ఎవరైనా చెప్తే విని తరిస్తాను.

దేశానికి బయటి నుంచి 'అసాధారణమైన, విపరీతమైన ముప్పు' వస్తేనే మిమ్మల్ని పిలవాలని కదా 1977 నాటి మీ చట్టం. అసాధారణం, ఒప్పుకుంటాను. ఈసారి మిరపకాయలు ఘాటుగా దొరికాయట. మూత సందులోంచి ఊట కారి, తనిఖీవాళ్లు అంటించిన టేపు మీద అరచేయంత ఎర్రటి మరక కూడా పడింది. అయినా, ప్రపంచంలోనే అతి పెద్ద ఆర్థిక వ్యవస్థ రెండు కిలోల ఆవకాయకు తట్టుకోలేదా?

సుంకాలు వేసే అధికారం కాంగ్రెస్‌ది, అంటే మీ పార్లమెంటుదని మీ రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఉంది. మీ చట్టంలో సుంకమనే మాటే లేదు. వాణిజ్య లోటు పేరుతో వేసిన సుంకాలకు ఆ చట్టం అధికారం ఇవ్వదని అప్పీళ్ల కోర్టు 7–4 మెజారిటీతో చెప్పింది కూడా. ఎప్పుడు? ఆగస్టు 29న, నా 800 డాలర్ల మినహాయింపు పోయిన రోజునే. చెప్పి, అక్టోబరు 14 దాకా వసూలు చేసుకోనిచ్చింది.

మిమ్మల్ని ఇంటికి పంపే తీర్మానం కాంగ్రెస్ పెట్టవచ్చు, పెడితే ఇన్ని రోజుల్లోగా తేల్చాలని గడువూ ఉంది. దానికి కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభ ఏం చేసిందో మీకు తెలియంది కాదు. ఏప్రిల్ 9 నుంచి సెప్టెంబరు 30 దాకా ఏ రోజునూ ఆ గడువు లెక్కలో రోజుగా పరిగణించరాదని నిబంధన చేసుకుంది! మా పంచాంగంలో అధికమాసం ఉంది, శూన్యమాసం ఉంది, మూఢం ఉంది. తెల్లారి, పొద్దుగూకి కూడా రోజు కాకుండా పోయే విద్య మా సిద్ధాంతులకు ఇంకా పట్టుబడలేదు. అంటే నేను కౌంటర్ ముందు నిలబడిన నిన్నటి శుక్రవారం మీ సభ లెక్కలో రోజే కాదు. మా మేనేజర్ మాత్రం నా సెలవుల్లోంచి సగం రోజు కోసేశారు.

నిన్నటి నుంచి నాకు ఒళ్లు మండుతున్నది డబ్బుకు కాదు. ఎవరూ ఓటు వేయలేదు, ఎవరూ చర్చించలేదు, ఒక్క సంతకంతో పన్ను పడింది. ఎవరినైనా నిలదీద్దామంటే అది రోజే కాదంటున్నారు. సిగ్గు లేదా?

క్షమించండి, మర్యాద తప్పాను.

రాత్రి అమ్మకు ఫోన్ చేసి మీ గురించి చెప్పాను. ఆవిడకు తెలిసిన ఎమర్జెన్సీ 1975 జూన్‌లో వచ్చి 1977 మార్చిలో పోయింది. "ఇరవై ఒక్క నెలలు, మరి మీది ఎప్పుడు పోతుంది?" అని అడిగింది. ఇరాన్ మీద 1979 నవంబరులో అప్పటి అధ్యక్షుడు కార్టర్ ప్రకటించిన మీ పెద్దక్క ఇప్పటికీ ఇంట్లోనే ఉందనీ, మీరంతా కలిసి నలభై మందికి పైగా ఉన్నారనీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంతకీ ఎంత కట్టావు?" అంది.

"ఏమీ కట్టలేదమ్మా," అన్నాను.

"అయితే వచ్చే నెల గోంగూర పంపుతాను."

ఇట్లు,
ఒకే జాడీకి రెండు కప్పాలు కట్టినవాడు