సముద్రంలో సర్వదర్శనం

2022 ఏప్రిల్ 4న మా తిరుపతికి సముద్రం వచ్చింది. ఉప్పెనలా ఏమీ రాలేదు, జీవో మీద వచ్చింది. కొత్త జిల్లాలు చేసినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట వైపు మాలో కలిపారు. అప్పటిదాకా కొండలు, గుట్టలు, మామిడితోటలు తప్ప ఎరగని మాకు తెల్లారేసరికి బంగాళాఖాతం సొంతమైంది. చిత్తూరు వాళ్లకు ఆ భాగ్యం దక్కలేదు. అక్కడి మా బామ్మర్ది నన్ను అప్పట్నించీ కొంచెం మర్యాదగా పలకరిస్తున్నాడు.

జిల్లాకు సముద్రం వచ్చాక లోపలికి దిగి తనిఖీ చేయాల్సిన బాధ్యత పౌరుడిగా నా మీద పడింది. కానీ మా తీరంలో దిగితే ఏమీ కనిపించదు. పులికాట్‌లో చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు. సముద్రం వైపేమో బురద కలిసిన నీళ్లు. పగడాలు పెరగాలంటే నీళ్లు తేటగా ఉండాలి, ఎండ అడుగుదాకా దిగాలి. అందుకని తనిఖీని అండమాన్‌కు మార్చాను, వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీళ్లలోకి దిగే స్కూబా డైవింగ్‌కు. ఖర్చు మాత్రం ప్రభుత్వానికి పెట్టలేదు, మా ఆవిడ చీటీ డబ్బులకు పెట్టాను.

ఇక్కడ తిరుపతి వాడి బతుకు గురించి రెండు ముక్కలు చెప్పాలి. మాకు పేరుండదు, ఊరే ఉంటుంది. పెళ్లిలో పక్కన కూర్చున్న మనిషి "మీదేవూరు?" అని అడిగి, జవాబు విన్న మరుక్షణం కుర్చీ దగ్గరికి జరుపుకుంటాడు. "బ్రేక్ దర్శనం ఏమన్నా చూడగలరా?" మా ఇంటికి వచ్చే ఫోన్లలో సగం ఇవే. ఎనిమిదో తరగతిలో నాతో చదివానంటూ ఫోన్ చేసినవాళ్లను లెక్కేస్తే ఆ క్లాసులో నాలుగొందల మంది ఉండాలి. నాకు ఏ సిఫారసూ లేదని, నేనూ శిలాతోరణం దాకా ఉన్న క్యూలో నిలబడి పోయేవాణ్నేనని చెబితే నమ్మరు. పొగరనుకుంటారు. ఇన్నేళ్లు ఇలా గడిచాక మాకూ ఒక నమ్మకం పట్టుకుంది: ఎక్కడో ఒకచోట లెటర్ ఇచ్చేవాడుంటాడు, వాణ్ని పట్టుకుంటే ప్రపంచంలో ఏ దర్శనమైనా అవుతుంది.

ఆ నమ్మకంతోనే నేను, మా ఆవిడ, బామ్మర్ది చెన్నైలో విమానం ఎక్కాం. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, మేం డైవింగ్‌కు వెళ్లిన హావ్‌లాక్ దీవి 2018లోనే స్వరాజ్ ద్వీప్ అయింది. అయినా పడవ దగ్గర అందరూ హావ్‌లాక్ అనే అరుస్తున్నారు. రేణిగుంట విమానాశ్రయాన్ని ఏ ఆటోవాడూ తిరుపతి విమానాశ్రయం అనడు కదా, అట్లాంటిదే.

డైవింగ్‌కు మనిషికి నాలుగైదు వేలు కట్టే చోట బామ్మర్ది బేరానికి దిగాడు. తాబేలు గ్యారెంటీనా? ఏమో సార్, కనిపించొచ్చు. సొర చేప? చెప్పలేం సార్. గోడ మీద డుగాంగ్ బొమ్మ ఉంది. సముద్రపు గడ్డి మేసే పెద్ద జంతువు, అండమాన్ రాష్ట్ర జంతువు, మహా సిగ్గరి. "దానికి ఎక్స్‌ట్రా ఎంతైనా ఇస్తాం," అన్నాడు బామ్మర్ది గొంతు తగ్గించి. కౌంటర్‌లో అబ్బాయి తాను పుట్టి పెరిగింది ఇక్కడేననీ, ఇంతవరకు దాన్ని చూడలేదనీ చెప్పాడు. బామ్మర్ది నా వైపు తిరిగి, "బావా, పెద్దవాళ్లు ఎవరైనా ఉంటారేమో కనుక్కో," అన్నాడు.

లోతు ఎంతని అడిగితే, మొదటిసారి దిగేవాళ్లను పన్నెండు మీటర్లకు మించి తీసుకుపోరన్నారు. అంటే నలభై అడుగులు. మా పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు బోరు దింపినా దుమ్మే లేచే చోట్లున్నాయి. అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని నీళ్లు చూసే పెద్దమనిషికి ఇచ్చింది, బోరుబండికి ఇచ్చింది, మళ్లీ రెండో బోరుకు ఇచ్చింది కూడితే అండమాన్‌కు ఊరంతా వెళ్లి రావచ్చు. నీళ్లు మాత్రం ఇక్కడ గ్యారెంటీ. ఆ మాట అంటే మా ఆవిడ నవ్వలేదు, వాళ్ల నాన్నది మూడో బోరు.

ఈత రాకున్నా పర్లేదన్నారు. నాకొచ్చు. చిన్నప్పుడు వీపుకు ఎండు సొరకాయ బుర్ర కట్టి మా చిన్నాయన బావిలోకి తోశాడు. అప్పుడు నేర్పిన విద్య ఒకటే: ఊపిరి బిగబట్టు. ఇక్కడ మొదటి నియమమే ఊపిరి బిగబట్టకూడదని. లోపల పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది, బిగబడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి. ప్రతి పది మీటర్లకూ మీద ఇంకొక వాతావరణమంత బరువు పడుతుంది, అందుకే ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవుల్ని సర్దుకుంటూ దిగాలి. లోపల మాటలుండవు, సైగలే. బొటనవేలూ చూపుడువేలూ సున్నా చుడితే "బాగున్నా" అని అర్థం. బొటనవేలు పైకెత్తితే "పైకి తీసుకుపో" అని అర్థం. ఈ రెండోది మూడుసార్లు చెప్పారు. బామ్మర్ది మూడుసార్లూ బొటనవేలు పైకెత్తి, అర్థమైందన్నాడు.

నాకు దొరికిన ఇన్‌స్ట్రక్టర్ తెలుగువాడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తరాల కిందటే వలస వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. నడుముకు సీసపు దిమ్మెల బెల్టు బిగిస్తూ, ఇది ఆక్సిజన్ సిలిండరా అని అడిగితే, "ఆక్సిజన్ కాదండి బాబూ, మామూలు గాలే. కుక్కీసి పెట్టినాం," అన్నాడు. మాస్క్ పెట్టాడు. సిలిండర్ గాలిని నోటికందించే రెగ్యులేటర్ నోట్లో కుక్కాడు. నీళ్లు ఛాతీదాకా వచ్చాయి. వెనక చెయ్యి సిలిండర్ మీద వేసి, అప్పుడడిగాడు.

"ఏ ఊరండి మీది?"

రెగ్యులేటర్ తీసి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"తిరపతా! అమ్మబాబోయ్. మా అమ్మ ఎప్పట్నించో కొండకెళ్లాలంటందండి. ఆ బ్రేక్ దర్శనం..."

నా గాలి కవాటం ఆయన చేతిలో ఉంది. ఆ భంగిమలో ఉన్న మనిషి నిజాయితీగా జవాబు చెప్పగలడని నేను అనుకోను. తప్పకుండా చూద్దాం అన్నాను. ఆయన సున్నా చుట్టి చూపించాడు. మునిగాం.

దిగుతుంటే మొదట పోయేది ఎరుపు. వెలుతురులో ఎరుపునే నీళ్లు ముందు మింగేస్తాయి. నా మణికట్టుకున్న ఎర్రదారం పది మీటర్ల దగ్గర బొగ్గురంగు గోధుమలోకి తిరిగింది. తర్వాత ఒక దిబ్బ దగ్గర ఆగాం. అక్కడ నేను చూసింది ఒట్టేసి చెబుతున్నా, క్యూ. వేలెడంత నీలంచారల చేప ఒకటి దుకాణం పెట్టుకుని ఉంది. పెద్ద చేపలు వచ్చి, ఒకదాని వెనక ఒకటి ఆగి, తమ వంతు రాగానే నోరు తెరిచి నిలబడుతున్నాయి. ఆ చిన్నది గ్రూపర్ అనే పెద్ద చేప నోట్లోకి దూరి, పళ్ల సందుల్లో పురుగులు, చచ్చిన చర్మం ఏరి తిని, చెవుల్లాంటి మొప్పల పక్క నుంచి బయటికొచ్చింది. గ్రూపర్ తలుచుకుంటే ఒక్క గుటక. కానీ మింగలేదు. పక్క లైనులోంచి ఎవరూ దూరలేదు, ఎమ్మెల్యే తాలూకా అనలేదు. నేను నోరు తెరవబోయి రెగ్యులేటర్ గుర్తొచ్చి ఆగాను.

ఇంకో రెండు నిమిషాలు చూద్దామనుకునేలోపు వెనకనుంచి సిలిండర్ పట్టుకుని లాగాడు. నీళ్లలో మాట వినబడదు, అయినా నాకు స్పష్టంగా వినబడింది: "జరగండి, జరగండి."

తర్వాత క్లౌన్ ఫిష్. కుట్టే చేతుల పొద లాంటి అనిమోనిలో కాపురం. ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్దది ఆడది. అది పోతే, దాని మగడే ఆడదైపోతాడు. మే నెలలో మా గంగమ్మ జాతరకు మగవాళ్లు చీర కట్టి గాజులేసి వీధుల్లోకొస్తారు. మొక్కు తీరాక చీర మడత పెట్టేస్తారు. ఈ చేప మడత పెట్టదు. పగడాలు కూడా రాళ్లు కావు, జంతువులు. వాటి ఒంట్లో నాచు అద్దెకుంటుంది, అద్దెకున్నవాడే యజమానికి అన్నం వండిపెడతాడు. నీళ్లు వేడెక్కితే యజమాని వాణ్ని వెళ్లగొట్టి, తెల్లగా పాలిపోయి పస్తులుంటాడు. 2010లో, మళ్లీ 2016లో అండమాన్‌లో అలా జరిగింది. నేను చూసిన దిబ్బలో సగానికి పైగా బూడిదరంగే. దాని ముందు నన్ను నిలబెట్టి ఫొటో తీశారు.

ఫొటో అంటే చేపలకు వీపు పెట్టి కెమెరాను చూడటం. అరగంటలో పది నిమిషాలు అట్లానే పోయాయి. బామ్మర్దికి ఆ పది కూడా దక్కలేదు. దిగిన ఆరో నిమిషంలో తాబేలు కనిపించిందట. సంబరం పట్టలేక రెండు బొటనవేళ్లూ ఎత్తాడు. ఇన్‌స్ట్రక్టర్ నియమం తప్పనివాడు, వెంటనే పైకి తెచ్చేశాడు. నేను తేలేసరికి పడవ అంచున కూర్చుని, "బాగుందన్నా కదయ్యా!" అని అరుస్తున్నాడు.

ఒడ్డున మా ఆవిడ ఇసుక చేతిలోకి తీసుకుని, ఎంత తెల్లగా ఉందోనని ముచ్చటపడి చిటికెడు కొంగున కట్టుకోబోయింది. ఆ తెల్ల ఇసుకలో మంచి భాగం చిలకచేప పగడపు రాతిని గీరి తిని విసర్జించిందే. నేను చెప్పలేదు. కొంగు విప్పించడానికి వేరే కారణం చెప్పాను.

దిగాక వెంటనే విమానం ఎక్కకూడదు, ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుందట. ఒక్కసారి దిగినా కనీసం పన్నెండు గంటలు ఆగాలి. ఎత్తైన కొండలూ ఎక్కకూడదట. తిరుపతి వాడికి కొండెక్కొద్దని చెప్పినవాళ్లను మొదటిసారి చూశాను.

ఇంటికొచ్చాం. మా అమ్మ మొదట అడిగింది, "శనివారం నీసు మధ్యకు పోలేదు కదా నాయనా?" అని. దిగింది శనివారమే. తినలేదమ్మా, చూశానంతే అన్నాను. చూడాలంటే నాగలాపురంలో వేదనారాయణస్వామి మత్స్యావతారంలోనే ఉన్నాడు కదా, బస్సు చార్జీతో పోయేదానికి ఇంత ఖర్చా అంది. పక్కింటివాళ్లు ఏం తెచ్చావని అడిగారు. తిరుపతి నుంచి లడ్డూ లేకుండా ఎవరూ పోరు కాబట్టి, ఏ ఊరి నుంచైనా ఏదో ఒకటి రావాలని మా వీధి లెక్క. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద చిన్న పగడపు ముక్క తెచ్చినా నేరమని చెప్పి వీడియో పెట్టాను. పూర్తిగా చూసి, "చేపలేవి?" అన్నారు. అంతా నా మొహమే. బామ్మర్ది వీడియో ఆరు నిమిషాలదే, అయినా మాటలతో గంట నడిపాడు. మాస్క్‌లోంచి ఏదైనా మూడోవంతు పెద్దగా కనిపిస్తుంది, అది సైన్సు. మిగిలింది చిత్తూరు. పోయిన ఆదివారానికి ఆ తాబేలు డుగాంగ్ అయింది.

నిన్న సాయంత్రం కొత్త నంబర్ నుంచి మెసేజ్. "సార్, అమ్మతో బయల్దేరినాం. ఎల్లుండి రేణిగుంటలో దిగుతాం. ఆ లెటర్..."

ఏం రాయాలో తోచక చాలాసేపు కూర్చున్నాను. చివరికి అలవాటుగా బొటనవేలు గుర్తు పంపేశాను. వాళ్ల భాషలో దానికి అర్థం పైకి తీసుకుపోతానని, పంపాక గుర్తొచ్చింది. చెరిపేసేలోపే అవతలి నుంచి సున్నా చుట్టిన చెయ్యి వచ్చింది.