అజంత భాషలో ఆదివారం

తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అంటారని చిన్నప్పటి నుంచి వింటున్నాను. అక్కడా ఇక్కడా మాటలు అచ్చుతోనే ముగుస్తాయి, రెండూ అజంత భాషలే, ఇక భాషకేమి ఇబ్బంది అన్న ధీమాతో హైదరాబాదు నుంచి బయలుదేరి సాంతో స్తేఫనో ది సెస్సానియోలో దిగాను. ఇటలీలోని అబ్రుజ్జో కొండల్లో, సుమారు 1,250 మీటర్ల ఎత్తున, మెదిచి వంశం ఒకప్పుడు ఏలిన రాతి ఊరు. పరుగులు లేకుండా వారం రోజులు ఒక్క చోటే ఉండాలని నా పట్టుదల. మా ఆవిడ మొహమాటానికి ఒప్పుకుంది.

మొదటి దెబ్బ స్నానాల గదిలో. 'సి' అని ఉన్న కుళాయి చన్నీళ్లదనుకుని తిప్పాను. 'కాల్దో' అంటే వేడి అట. కాలడం పేరులోనే ఉంది, చూసుకోవలసింది నేనే.

ఆదివారం దగ్గర్లోని లాక్విలా నగరానికి వెళ్లి వద్దామనుకున్నాం. బస్టాపు కాగితంలో బస్సుల వేళల పైన 'ఫెరియాలె' అని ఉంది. 'ఫెరియె' అంటే సెలవులని నాకు తెలుసు. అంటే ఇవన్నీ సెలవునాటి బస్సులే! పక్కన 'ఫెస్తివో' గడి ఖాళీ. పండగపూట డ్రైవర్లు గుడికి వెళ్తారు కాబోలు, మంచిదే అనుకున్నాను.

8.30 బస్సుకు ఎనిమిదికే నిలబడ్డాం. తొమ్మిదైంది, పదైంది. ఒక పిల్లి వచ్చి, నా బూటు మీద కునుకు తీసి, లేచి వెళ్లిపోయింది. నేను మలుపు దాకా వెళ్లి తొంగిచూసి రావడం పన్నెండోసారి కాగానే, మెట్టు మీద కూర్చున్న మా ఆవిడ, "నెమ్మదిగా ఉండడానికే కదండీ వచ్చాం" అంది.

చివరికి ఎదురింటి ముసలావిడ జాలిపడి దిగివచ్చింది. 'ఫెరియాలె' మీద వేలు పెట్టి, పార పట్టి తవ్వినట్టు అభినయించింది. పనిరోజులన్నమాట! 'ఫెస్తివో' మీద వేలు పెట్టి, రెండు చేతులూ చెంపకింద చేర్చి కళ్లు మూసుకుంది.

"లూనెదీ?" అన్నాను, సోమవారమైనా వస్తుందేమోనని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. రేపు జూన్ 2. 1946లో ఇటలీ రాజు వద్దని ఓటేసిన రోజు, దేశమంతా సెలవు. ఇంట్లో ఉన్నా నాకు తెలంగాణ అవతరణ సెలవే. అది మాత్రం గుర్తుకు రాలేదు.

"మార్తెదీ" అంది ఆవిడ. మంగళవారం.

"అంటే ఇంకో నాలుగు పూటలు ఆ చిట్టి మసూర పప్పేనా, తాలింపు లేకుండా?" అంది మా ఆవిడ. ఈ ఊరికి పేరు తెచ్చిందే ఆ పప్పు. దిగినప్పటి నుంచీ పూటపూటా అదే తింటున్నాం.

ఆమె చేతిసంచిలోంచి ఎండుమిరపకాయల పొట్లం తీసి, ముసలావిడ వంటింటికేసి చూసింది.