సవరణ: ప్రజ్వల మొదలైంది బడితో

సునీతా కృష్ణన్ 1996లో హైదరాబాదులో బాలికల ఆశ్రయగృహం తెరిచి మనుషుల అక్రమ రవాణాను ఎదిరించే ప్రజ్వల సంస్థను ప్రారంభించారని కిందటి పోస్టులో రాశాను, అది సరికాదు. పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటికను ఆ ఏడాది ఖాళీ చేయించినప్పుడు, ఉన్నపళంగా వీధిన పడ్డ స్త్రీల పిల్లలు తల్లుల దారిలోకి వెళ్లకుండా చూడాలన్న ఉద్దేశంతో, అలా ఖాళీ అయిన ఒక వేశ్యాగృహంలోనే ప్రజ్వల వారు మొదట బడి పెట్టారు. నిన్నటిదాకా బేరాలు సాగిన చోటే పిల్లలు అక్షరాలు దిద్దుకున్నారన్నమాట. అక్రమ రవాణా నుంచి బయటపడ్డ బాలికలకూ స్త్రీలకూ ఆశ్రయం కల్పించడం, వెల్డింగ్, వడ్రంగం వంటి పనులు నేర్పడం తర్వాతి సంగతులు. రక్షించడం కంటే ముందు నివారణ గురించి ఆలోచించిన సంస్థ కనుక, ఈ వరస తారుమారు కావడాన్ని నేను చిన్న పొరపాటుగా చూడలేను.

సంస్థను సునీత ఒక్కరే స్థాపించారన్నదీ తప్పే. క్రైస్తవ మిషనరీ అయిన బ్రదర్ జోస్ వెట్టికాటిల్ సహవ్యవస్థాపకులు. సునీతకు పద్మశ్రీ వచ్చింది 2014లో కాదు, 2016లో. పాత పోస్టులో ఈ మూడు చోట్లా మార్పు చేశాను.